కొత్త కెమెరాకి ఆరొందల గాజు ముక్క

మా టీంలో ఎవరు కొత్త కెమెరా కొన్నా ముందు నా దగ్గరికే వస్తారు. నేనేదో పెద్ద ఫొటోగ్రాఫర్ని అని కాదు, మా ఫ్లోర్ లో అందరికన్నా ముందు కొని, అందరికన్నా ఎక్కువ తప్పులు చేసింది నేనే కాబట్టి. పోయిన నెల ఒక జూనియర్ కుర్రాడు డబ్బా తెచ్చి చూపించాడు. కెమెరా, కిట్ లెన్సు, బ్యాగు, మెమరీ కార్డు, వాటితో పాటు లెన్సుకి అప్పటికే బిగించేసిన ఒక యూవీ ఫిల్టరు. "షాపతనే పెట్టిచ్చాడన్నా, లెన్సుకి సేఫ్టీ అంట, ఆరొందలే" అన్నాడు. నేనేం మాట్లాడకుండా దాన్ని తిప్పి ఊడదీసి వాడి చేతిలో పెట్టా. వాడి మొహం చూడాలి, కొత్త బండికి కట్టిన నిమ్మకాయ తెంపేసినట్టు చూశాడు పాపం.

నా మొదటి కెమెరాకి కూడా కోఠీలో అచ్చం ఇలాగే తగిలించారు. నేనూ ఇలాగే మురిసిపోయా. దాని సంగతి తెలిసొచ్చింది 2023 డిసెంబరులో, రాజమండ్రిలో.

కార్తీకం అయిపోయాక వచ్చే పోలి పాడ్యమి తెలుసుగా. తెల్లవారుజామున ఆడవాళ్ళు అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి గోదాట్లో వదులుతారు. మా అమ్మమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్క ఏడు మానలేదు. ఆ ఏడు "నేను కూడా వస్తా, నీ ఫొటోలు తీస్తా" అని హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్ళా. ఇంకా చీకటి. చలి. మోకాళ్ళ నెప్పులతో మా అత్తయ్య భుజం పట్టుకుని మెట్లు దిగి, నీళ్ళ దగ్గర వంగి దొప్ప వదిలి, ఒక్క క్షణం అలా దాని వంకే చూస్తూ ఉండిపోయింది. కింద నుంచి దీపాల వెలుగు మొహం మీద పడుతోంది. ట్రైపాడ్ ఉంది, ఫోకస్ కుదిరింది, చెయ్యి వణకలేదు. నా జీవితంలో నేను తీసిన అన్నిటికన్నా మంచి ఫొటో అదే అనుకున్నా.

ఇంటికొచ్చి లాప్టాప్ లో తెరిచా. ఘాట్ మీద పైన వరసగా లైట్లున్నాయి కదా, ఆ వరస మొత్తం తలకిందులై, ఆకుపచ్చ చుక్కలుగా, సరిగ్గా అమ్మమ్మ చెంప మీదుగా కళ్ళ దాకా. ఒకటి కాదు, ఆరోజు తీసిన దాదాపు అన్నిట్లోనూ అంతే. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఏరా, నా మొహం మీద ఈ మిణుగురులేంట్రా?" అంది.

వెతుక్కుంటే తెలిసింది ఇది చాలా పాత జబ్బేనని. బాగా వెలుగున్న లైటు లెన్సులోంచి వెళ్ళి సెన్సార్ మీద పడుతుంది. సెన్సార్ ఏమీ నల్ల గుడ్డ కాదు, కొంత వెలుగుని వెనక్కి కొడుతుంది. అది మళ్ళీ లెన్సులోంచి బయటికెళ్ళబోతుంటే ముందు బల్లపరుపుగా ఉన్న మన గాజు ముక్క దాన్ని తిరిగి లోపలికి నెడుతుంది. అందుకే ఆ దెయ్యాలు ఎప్పుడూ ఫ్రేము మధ్యబిందువుకి అటువైపు, అసలు లైట్లకి తలకిందులుగా వస్తాయి. కోటింగ్ లేని మామూలు గాజుకి ఒక్కో వైపు సుమారు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది, రెండు వైపులకీ కలిపి 8. మంచి మల్టీకోటింగ్ ఉంటే వైపుకి 1 శాతం కన్నా తక్కువే. నా ఆరొందల దానికి కోటింగ్ అంటే డబ్బా మీద బంగారు రంగులో రాసిన అక్షరాలే అనుకుంటా.

అసలు యూవీ ఫిల్టర్ ఎందుకు పుట్టిందో చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. ఫిల్ముకి అతినీలలోహిత కిరణాలు తగిలితే దూరపు కొండలు మసకగా, నీలంగా వచ్చేవి. దానికి విరుగుడు ఇది. డిజిటల్ కెమెరాలో సెన్సార్ ముందే యూవీని, ఇన్ఫ్రారెడ్ ని ఆపే పొర ఉంటుంది. లెన్సుల్లోని గాజు కూడా కొంత తాగేస్తుంది. అంటే మనం డబ్బులిచ్చి కొనేది, ఎప్పుడో ఫిక్స్ అయిపోయిన బగ్ కి ప్యాచ్!

"సరే, సేఫ్టీ మాటేంటి?" అంటారు. ఒప్పుకుంటా, కొంత నిజముంది. బీచ్ లో ఉప్పు తుంపరలు, ఇసుక గాలి, హోలీ రంగులు, చిన్నపిల్లల జిగురు వేళ్ళు... వీటికి ముందొక గాజుంటే తుడుచుకోవడం సులువు. కానీ కింద పడితే కాపాడేది ఎక్కువగా హుడ్డే, గాజు కాదు. హుడ్ వల్ల పక్క వెలుతురు కూడా తగ్గుతుంది. అవసరమైనప్పుడు పెట్టుకుని తీసెయ్యాల్సిన దాన్ని కొన్నరోజు నుంచి అమ్మేసేరోజు దాకా బిగించి ఉంచడమే నాకు నచ్చనిది. వేలకి వేలు పోసి లెన్సు కొని, దాని ముందు మొత్తం కెమెరాలోకెల్లా చవక గాజు పెట్టడం ఎక్కడి తెలివి?

ఆ ఫొటోని బాగుచెయ్యడానికి నేను పడని పాట్లు లేవు. క్లోన్ టూల్ తో చుక్కలు చెరిపితే చర్మం ప్లాస్టిక్ లా తయారైంది. తర్వాత ఏఐ టూల్ ఒకటి వాడా. నిమిషంలో చుక్కలు మాయం, చాలా శుభ్రంగా వచ్చింది. కానీ ఆ కింద ఏముందో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? తనకి తోచిన ముడతలు తను వేసేసింది. ఎడమ కన్ను కింద మా అమ్మమ్మకి ఒక చిన్న పులిపిరి ఉంటుంది, అది పోయింది. కనురెప్ప వాలిన తీరు మారిపోయింది. మా అమ్మకి రెండూ పంపిస్తే "రెండోది అమ్మలా లేదురా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మరుసటి ఏడు అమ్మమ్మ మెట్లు దిగలేకపోయింది. పెరట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి వదిలింది దొప్పని. అందులో నాకు ఫొటో తియ్యబుద్ధి కాలేదు.

అప్పటి నుంచీ ఏ ఫిల్టర్ కొనాలన్నా నాకు ఒక్కటే ప్రశ్న. ఇది చేసే పని ఇంటికొచ్చాక సాఫ్ట్వేర్ లో చెయ్యగలనా? చెయ్యగలిగితే వద్దు.

ఉదాహరణకి రంగు ఫిల్టర్లు. 1927 ఏప్రిల్ 10న యాన్సెల్ ఆడమ్స్ అమెరికాలో యోసెమిటీ దగ్గర హాఫ్ డోమ్ అనే కొండ ఫొటో తీశాడు. మొదట పసుపు ఫిల్టర్ తో ఒక ప్లేటు వాడి, తను అనుకున్నది అందులో రాదని తోచి, మిగిలిన ఒకే ఒక్క ప్లేటుని ముదురు ఎరుపు ఫిల్టర్ తో తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చిన ఆ ఫొటో 'మోనోలిత్' పేరుతో చరిత్రలో నిలిచిపోయింది. ఆయనకి ఆ ఎర్ర గాజు తప్ప వేరే దారి లేదు. మనకి రా ఫైల్ లో మూడు రంగులూ విడివిడిగా ఉంటాయి, బ్లాక్ అండ్ వైట్ కి మార్చేటప్పుడు స్లైడర్ జరిపితే చాలావరకు అదే పని అయిపోతుంది. పైన నల్లగా కింద తెల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కూడా మొదట్లో అక్కర్లేదనే అంటాను. ఆకాశానికొకటి, నేలకొకటి ఎక్స్పోజర్ తీసి కలుపుకోవచ్చు.

సాఫ్ట్వేర్ కి చేతకానిది పోలరైజర్ చేసే పని. ఆకు మీద, నీళ్ళ మీద, తడి రాయి మీద పడి మెరిసే వెలుగు అక్కడున్న అసలు రంగుని కప్పేస్తుంది. ఆ మెరుపులో ఎక్కువ భాగం ఒకే దిశలో కంపించే వెలుగు. పోలరైజర్ ని తిప్పితే అది ఆగిపోయి కింద రంగు బయటపడుతుంది. ఒకసారి మెరుపుతో రికార్డయిపోయాక కింద ఏముందో ఫైల్ లో లేనే లేదు. అద్దాల మీద ప్రతిబింబాలు తీసేసే టూల్స్ ఇప్పుడొచ్చాయి, నిజమే, కానీ అవి చేసేదీ మా అమ్మమ్మ మొహానికి చేసిన పనే... ఊహించి నింపడం.

దీని గురించి నాకు బాగా నచ్చిన ముచ్చట సి.వి.రామన్ గారిది. చిన్నప్పుడు విశాఖలో చదువుకున్నాడు, వాళ్ళ నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1921లో ఇంగ్లండు నుంచి 'నార్కుండా' అనే ఓడలో తిరిగొస్తున్నప్పుడు, ఆయన దగ్గర నికల్ ప్రిజం ఉంది. అంటే ఆనాటి పోలరైజర్ అన్నమాట. సముద్రం నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబమే అని అప్పటికి ర్యాలీ అంతటివాడు చెప్పాడు. రామన్ ఆ ప్రిజంతో నీటి మీది ప్రతిబింబాన్ని ఆపేసి చూస్తే నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది! నీళ్ళే వెలుగుని చెదరగొడుతున్నాయని అదే ఏడాది 'నేచర్' పత్రికకి రాశాడు. మనం ఇవాళ లెన్సు ముందు రింగు తిప్పి "అబ్బ, భలే" అనుకునేది కూడా అదే పని.

నేను దీని పవర్ మొదటిసారి చూసింది మారేడుమిల్లిలో. వర్షం వెలిసిన గంటకి అడవిలోకి వెళ్ళాం. కంటికి అంతా పచ్చగానే ఉంది కానీ ఫొటోలో ఆకులన్నీ తెల్లగా, రేకు ముక్కల్లా మెరుస్తున్నాయి. పోలరైజర్ పెట్టి పావు వంతు తిప్పగానే ఆ తెలుపంతా దిగిపోయి ఒక్కో ఆకూ ఒక్కో పచ్చ. జలతరంగిణి దగ్గర నీళ్ళ అడుగున రాళ్ళు కూడా కనిపించాయి. (బొంగులో చికెన్ సంగతి ఇంకోసారి చెప్తా.) జనం దీన్ని నీలాకాశం కోసం కొంటారు గానీ, నా మటుకు నాకు దీని అసలు ఉపయోగం మబ్బు పట్టిన రోజున, తడి అడవిలోనే.

నీలాకాశం దగ్గరే నేను బోల్తా పడ్డాను కూడా. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశం మీదే దీని ప్రభావం ఎక్కువ. చూపుడు వేలు సూర్యుడి వైపు చూపించి, బొటనవేలు దానికి అడ్డంగా చాపి, చెయ్యి గుండ్రంగా తిప్పండి. బొటనవేలు చూపించిన చోటల్లా ఆకాశం ముదురుతుంది. సూర్యుడికి ఎదురుగా గానీ, వీపు పెట్టి గానీ నిలబడి ఎంత తిప్పినా లాభం లేదు. ఇది తెలియక గండికోటలో పొద్దున్నే 18 ఎంఎం వైడ్ లో తీసిన ఫొటోల్లో ఆకాశం మధ్యన నల్లగా సిరా ఒలికినట్టు మరక, రెండు పక్కలా తెల్లగా. పనోరమా అయితే ఇంకా ఘోరం. వైడ్ లో ఆకాశం ఎక్కువ ఉంటే దీన్ని సగమే తిప్పండి, లేదా తీసెయ్యండి. ఇంకోటి, మే నెలలో దుమ్ము పట్టిన హైదరాబాదు ఆకాశానికి ఇదేం చెయ్యలేదు. వర్షాలు కడిగిన తర్వాత చూడండి. మనవైపు వేసవిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదుంటాడు కాబట్టి, ఆ టైములో క్షితిజం చుట్టూ ఎటు చూసినా పని చేస్తుంది, అదొక చిన్న ఓదార్పు.

ఇది కూడా చవకది కొనకండి, మళ్ళీ మిణుగురులే. నాది మూడు వేల పైచిలుకు అయింది. కొనే ముందు మీ లెన్సు మీద గుండ్రటి గుర్తు పక్కన ఉన్న సైజు చూసుకోండి, 52, 55, 58 అలా ఉంటుంది. ముందు ముందు పెద్ద లెన్సు కొనే ఉద్దేశముంటే 77 కొనుక్కుని, స్టెప్ అప్ రింగులతో చిన్న లెన్సులకి కూడా వాడుకోవచ్చు, హుడ్ మాత్రం పట్టదు. పాత కిట్ లెన్సుల్లో కొన్నిటికి ఫోకస్ తో పాటు ముందు భాగం కూడా తిరిగిపోతుంది. వాటితో ముందు ఫోకస్ చేసుకుని, తర్వాత ఫిల్టర్ తిప్పాలి. వెలుగు ఒకటి నుంచి రెండు స్టాపులు తినేస్తుంది, అంటే 1/60 కాస్తా 1/15 దాకా పోవచ్చు, చేతిలో పట్టుకుని తీస్తే కదిలిపోతుంది. అందుకే సాయంత్రం పడగానే తీసి డబ్బాలో పెట్టెయ్యాలి. ఇంద్రధనుస్సు కనిపించినప్పుడైతే ఇంకా జాగ్రత్త, అడ్డంగా తిప్పితే అది కూడా మాయమైపోతుంది!

జలపాతాలు పాలలా రావాలని మొదటి నెలలోనే ఎన్డీ ఫిల్టర్ కొనేవాళ్ళున్నారు. పది స్టాపుల ఎన్డీ పెడితే 1/30 సెకను అర నిమిషం దాటుతుంది, అది సాఫ్ట్వేర్ లో రాదు, నిజమే. కానీ పొద్దున్నే నీడలో, ఐఎస్ఓ 100, ఎఫ్/11 పెడితే అర సెకను దానంతటదే వచ్చేస్తుంది, పోలరైజర్ దాన్ని ఇంకొంచెం పొడిగిస్తుంది. ట్రైపాడ్ మోసే ఓపిక మీకుందో లేదో ముందు అది తేల్చుకోండి. నాకైతే రెండేళ్ళు పట్టింది.

మా జూనియర్ ఇదంతా విని, చేతిలో ఉన్న ఫిల్టర్ వంక కాసేపు చూసి, "మరి ఈ ఆరొందలు ఎవడికి పెట్టాలన్నా?" అన్నాడు. వచ్చే నెల వైజాగ్ వెళ్తున్నాడట. ఆర్కే బీచ్ లో పగటిపూట పెట్టుకో, చీకటి పడ్డాక ఊడదియ్యి అని చెప్పా.