యానాము పెండ్లిండ్లు

చట్టము చిన్నదైనచో దానిని మీఱుట దోషము గాదని చదువుకొన్న గృహస్థులును పలుకుచుందురు. ఆ మాట మాకు సమ్మతము గాదు. ఏ చట్టమును మీఱరాదనువారితోను మేమేకీభవింపము.

1930 ఏప్రిలు 1వ తేదీని శారదా చట్టము అమలులోనికి వచ్చెను. 14 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేసినవారికి నెలవఱకు ఖైదుగాని, 1000 రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని శిక్ష. అటుపై నైదు దినములకే గాంధీమహాత్ముడు దండి తీరమున ఉప్పు చట్టము నుల్లంఘించెను. ఉప్పు తీసినవారు పదిమంది యెదుట తీసిరి. లాఠీదెబ్బలు తిని, చెఱసాలలకు తామే నడచిరి. మన గోదావరి తీరపు పెద్దలు కొందఱో, పసిబిడ్డలను వెంటబెట్టుకొని ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామునకు బోయి, అచ్చట తాళి కట్టించి, గుట్టుగా నిల్లు చేరిరి. చట్టములో నొక్క యక్షరమైన చెడలేదు! ఎంతటి ధర్మభీతి!

రజస్వల కాకమునుపే కన్యాదానము చేయుమని స్మృతులు చెప్పలేదా యని వారి వాదము. స్మృతియే ప్రమాణమైనచో తమ వాకిటనే పందిరి వేసి, పెండ్లి చేసి, ఆ నెల దినములు చెఱలో నుండవచ్చును గదా! ఒక్క నెల! ఉప్పుకొఱకు పరులు పడిన పాటు ధర్మముకొఱకు వీరు పడలేకపోయిరా?

చట్టమెంత చిన్నదని మే మడుగము; మీఱుటవలని బాధ యెవరి పాలబడునని యడుగుదుము. యానామునకు బోయిన పెద్దలకు ఖైదును లేదు, జుల్మానాయును లేదు. ఆ పెండ్లికూతునకు మాత్రము బడి మాన్పించిరి.