సగం పేరుతో నిలిచిన ఆవిష్కరణ

1980, 1990 దశకాలలో తెలుగునాట దూరదర్శన్ చూసే ఇంటిని గుర్తించడం కష్టమయ్యేది కాదు. మిద్దె మీద ఒక ఇనుప గొట్టం, దాని కొనన చేపముల్లులా పేర్చిన అల్యూమినియం కడ్డీలు ఉండేవి. గాలివానకు ఆ కడ్డీలు పక్కకు తిరిగితే బొమ్మ చెదిరిపోయేది. ఒకరు మిద్దె ఎక్కి గొట్టాన్ని తిప్పుతుంటే, లోపలి నుంచి మరొకరు ‘వచ్చింది, ఆపు’ అని కేకవేయవలసి వచ్చేది. ఆ అమరికకు పుట్టినిల్లు జపానులోని సెండాయి నగరం. దానిని ‘యాగి యాంటెన్నా’ అనడానికి లోకం అలవాటుపడింది. న్యాయంగా అనవలసినది ‘యాగి-ఉదా యాంటెన్నా’ అని.

హిదెత్సుగు యాగి 1886లో ఒసాకాలో జన్మించాడు. టోక్యోలో విద్యుత్ ఇంజనీరింగు చదివి, 1913లో పైచదువుకు జర్మనీ వెళ్ళి బార్క్‌హౌసెన్ వద్ద చేరాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. జర్మనీలో కొనసాగే వీలులేక ఇంగ్లండులో ఫ్లెమింగ్ వద్ద, ఆపై అమెరికాలో పియర్స్ వద్ద పనిచేశాడు. ముగ్గురు దిగ్గజాల సాన్నిధ్యం ఒకే విద్యార్థికి దక్కడం ఒక విధంగా ఆ యుద్ధం చలవే! స్వదేశానికి మరలివచ్చి, సెండాయిలోని తోహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. పొడవైన రేడియో తరంగాల మీదనే అందరి దృష్టి ఉన్న రోజులలో ఆయన కొద్ది మీటర్ల పొడవు గల తరంగాలను పరిశోధనకు ఎన్నుకున్నాడు.

ఆ పరిశోధనకు చేయిగా, కన్నుగా నిలిచినవాడు షింతారో ఉదా. 1896లో జన్మించిన ఉదా 1924లో తోహోకులోనే పట్టభద్రుడై యాగి ప్రయోగశాలలో పనికి పూనుకున్నాడు. ఈ యాంటెన్నాలో తీగ తగిలించేది ఒక్క కడ్డీకే. దాని వెనుక కొంచెం పొడవైన కడ్డీ ఒకటి, ముందు కొంచెం పొట్టి కడ్డీలు కొన్ని ఉంటాయి. వీటికి ఏ తీగా తగలదు. అయినా తరంగం సోకగానే వాటిలో విద్యుత్తు ప్రేరితమై, అవి తిరిగి తరంగాలను వెలువరిస్తాయి. ఆ తరంగాలు ముందు దిక్కున ఒకదానికొకటి బలం చేకూరుస్తాయి. వెనుక దిక్కున చాలావరకు రద్దవుతాయి. ముందు వరుసను యాగి ‘తరంగాల కాలువ’ అన్నాడు. సూత్రం ఇంతే. కాని ఏ కడ్డీ ఎంత పొడవుండాలో, ఎంత ఎడంలో నిలపాలో కొలిచి తేల్చవలసినదే. ఆ శ్రమ ఉదాది. 1926 మార్చి మొదలు 1929 వరకు ఆయన ఈ విషయమై జపాను భాషలో పదకొండు పరిశోధన వ్యాసాలు ప్రకటించాడు.

అయితే 1925 నాటి పేటెంటు దరఖాస్తులో యాగి పేరొక్కటే కనిపిస్తుంది. 1928లో అమెరికా పత్రికలో ఆంగ్లంలో వెలువడిన ప్రసిద్ధ వ్యాసమూ యాగిదే. అందులో ఆయన ఉదా కృషిని స్పష్టంగా పేర్కొన్నాడు. కనుక శిష్యుని సొత్తు అపహరించాడనడం అన్యాయం. దారి చూపినవాడు, ప్రయోగశాలను నిలిపినవాడు యాగియే. కాని ఆంగ్లం మాత్రమే చదివిన ప్రపంచం వ్యాసకర్త పేరును పట్టుకొని, వ్యాసం లోపలి పేరును వదిలివేసింది. ఆచార్యుని హోదాకు దక్కే గౌరవం, రాత్రింబవళ్ళు కొలతలు తీసిన చేతికి దక్కకపోవడం ఏ దేశంలోనూ వింత కాదు. వింత కాకపోవడమే ఇక్కడ విచారించవలసిన సంగతి.

యాగికైనా ఇంట గెలుపు ఆలస్యంగానే వచ్చింది. 1942లో సింగపూరును జయించిన జపాను సేనకు ఒక బ్రిటిష్ రాడార్ సైనికుని నోటుపుస్తకం చిక్కింది. అందులో పదేపదే కనిపించిన ‘యాగి’ అనే మాట జపాను నిపుణులకు అంతుపట్టలేదు. అది మీ దేశపు ఆచార్యుని పేరేనని బందీ అయిన ఆ సైనికుడే చెప్పవలసి వచ్చింది! పరాయి సేనలు రాడార్లలో వాడుకుంటున్న సాధనం సొంత సేనకు పేరుతో సహా అపరిచితం. యుద్ధం ముగిశాక 1956లో జపాను ప్రభుత్వం యాగికి అత్యున్నత సాంస్కృతిక పురస్కారమిచ్చి ఆ లోటు తీర్చుకుంది.

ఆ సమయంలో ఉదా భారతదేశంలో ఉన్నాడు. 1955 నుంచి 1958 వరకు ఆయన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. తరువాత దేశమంతటా ఇంటింటి మిద్దెపైకి ఎక్కిన ఆ కడ్డీల వరుసకు ఆయన పేరు మాత్రం అంటలేదు. 1976 జనవరిలో యాగి, అదే ఏడాది ఆగస్టులో ఉదా కన్నుమూశారు.