రాజు దిగినా ఆగని ఉత్సవం: నేపాల్ ప్రజాభిప్రాయం చెబుతున్నదేమిటి?

2025 మార్చి 9న కాఠ్‌మాండూలోని త్రిభువన్ అంతర్జాతీయ విమానాశ్రయం వద్ద వేలాది మంది గుమిగూడారు. పోఖరా నుంచి తిరిగివచ్చిన మాజీ రాజు జ్ఞానేంద్ర షాకు స్వాగతం పలికారు. రాచరికాన్ని పునరుద్ధరించాలని నినదించారు. సరిగ్గా ఆరు నెలలకు, సెప్టెంబరు 8, 9 తేదీల్లో అదే నగరం మరింత తీవ్రమైన అలజడిని చూసింది. సామాజిక మాధ్యమాలపై నిషేధంతో రాజుకున్న యువతరం ఆందోళనలో 70 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పార్లమెంటు భవనం తగులబడింది. ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. అయినా ఆ యువత అవినీతిపై జవాబు అడిగింది గాని, సింహాసనాన్ని ప్రధానమైన కోరికగా ముందుకు తేలేదు. తాత్కాలిక ప్రభుత్వ బాధ్యత మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీకి దక్కింది.

రాచరికం రద్దయి పదిహేడేళ్లు గడిచినా దానిపై చర్చ ముగియలేదని మొదటి ఘటన చెబుతోంది. ప్రభుత్వంపై ఆగ్రహమంతా రాజుపై అభిమానం కాదని రెండోది చెబుతోంది. నేపాలీల అభిప్రాయాన్ని అర్థం చేసుకోవాలంటే మూడు భావాలను వేరు చేసి చూడాలి: పాలనపై అసంతృప్తి, ఆచారాలపై మమకారం, రాజుపై విశ్వాసం. ఈ మూడింటినీ ఒకటిగా చూపడం రాచరికవాదులకు లాభం. ఒకటిగా భావించి భయపడటం గణతంత్రవాదులకు నష్టం.

ఓట్ల లెక్క

2008 మే 28న రాజ్యాంగ సభ తన తొలి సమావేశంలోనే నేపాల్‌ను గణతంత్ర రాజ్యంగా ప్రకటించింది. తీర్మానానికి అనుకూలంగా 560 ఓట్లు, వ్యతిరేకంగా 4 ఓట్లు వచ్చాయి. దాంతో 240 ఏళ్ల షా వంశ పాలన ముగిసింది. ఆ నాలుగు ఓట్లూ రాచరికాన్ని సమర్థించిన రాష్ట్రీయ ప్రజాతంత్ర పార్టీ నేపాల్‌వి. 2013 ఎన్నికల్లో అదే పార్టీ 601 స్థానాల సభలో 24 స్థానాలు గెలుచుకుంది. 2017లో రాచరికవాద పక్షానికి ప్రతినిధుల సభలో మిగిలింది ఒకే ఒక్క స్థానం. 2022లో 275 స్థానాలకు గాను రాష్ట్రీయ ప్రజాతంత్ర పార్టీకి 14 వచ్చాయి; దామాషా ఓట్లలో దాని వాటా ఆరు శాతం లోపే.

ఈ అంకెలు పెరుగుతూ తరుగుతూ వచ్చాయి తప్ప, అధికారానికి చేరువ కాలేదు. రాచరికాన్ని కోరేవారందరూ ఆ పార్టీకే ఓటు వేస్తారని చెప్పలేం. నేపాలీ కాంగ్రెస్ శ్రేణుల్లో సైతం హిందూ రాజ్యాన్ని కోరేవారు ఉన్నారు. అయినప్పటికీ విమానాశ్రయం వద్ద కనిపించిన జనసందోహానికీ, బ్యాలెట్ పెట్టెలో పడిన ఓట్లకూ మధ్య దూరం స్పష్టంగా ఉంది.

చేతులు మారిన ఆచారం

ఆచారాల సంగతి ఇందుకు భిన్నం. కాఠ్‌మాండూ లోయలో ఏటా జరిగే ఇంద్రజాత్ర సందర్భంగా దేశాధినేత బసంతపూర్‌కు వెళ్లి, జీవదేవతగా కొలిచే బాలిక కుమారి ఆశీస్సులు అందుకోవడం సంప్రదాయం. ఆమె నుదుట దిద్దే తిలకం రాజు పాలనకు దైవామోదమని నమ్మేవారు. 2007లో రాజు అధికారాలు నామమాత్రమైన సమయంలో, దేశాధినేత బాధ్యతలు నిర్వహిస్తున్న ప్రధాని గిరిజా ప్రసాద్ కోయిరాలా ఆ స్థానంలో హాజరయ్యారు. జ్ఞానేంద్ర కూడా తర్వాత విడిగా వెళ్లి ఆశీస్సులు అందుకున్నారు. ఒకే తిలకం కోసం రెండు వ్యవస్థలు పోటీపడిన అరుదైన సందర్భమది.

మరుసటి ఏడాది కొత్త గణతంత్ర ప్రభుత్వం ఇంద్రజాత్రలో జంతుబలికి ఇచ్చే నిధుల్లో కోత పెట్టింది. కాఠ్‌మాండూలోని నేవార్ సముదాయం వీధుల్లోకి వచ్చి నిరసన తెలపడంతో వెనక్కి తగ్గింది. రాజును సాగనంపినప్పుడు రాని ప్రతిఘటన, ఉత్సవం జోలికి వెళ్లినప్పుడు వచ్చింది. దీనికి కారణం చరిత్రలోనే ఉంది. 1768లో పృథ్వీ నారాయణ్ షా కాఠ్‌మాండూను గెలుచుకున్నది ఇంద్రజాత్ర రోజునే. మల్ల రాజు జయప్రకాశ్ సింహాసనం కోల్పోయాడు. ఉత్సవం మాత్రం ఆగలేదు. అంటే ఈ పండుగ ఒకసారి రాజవంశం మారడాన్ని, మరోసారి రాచరికమే పోవడాన్ని చూసింది. అది రాజుది కాదు, ఊరిది. రాజు దానికి ముఖ్య అతిథి మాత్రమే.

నేడు ఆ స్థానంలో రాష్ట్రపతి ఉన్నారు. రత్నాలు పొదిగిన చొక్కాను ప్రజలకు చూపే భోటో జాత్రకు దేశాధినేత హోదాలో హాజరవుతారు. దశమి నాడు శీతల్ నివాస్‌లో ప్రజలకు తిలకం దిద్దుతారు. అదే సమయంలో జ్ఞానేంద్ర తన నిర్మల్ నివాస్‌లో తిలకం దిద్దుతారు. ఆయనొకప్పుడు నివసించిన నారాయణ్‌హిటి రాజప్రాసాదం ఇప్పుడు మ్యూజియం.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి గోల్కొండ పాలకుడు తానీషా కాలం నుంచి వస్తున్నవిగా చెప్పే ముత్యాల తలంబ్రాలను నేడు తెలంగాణ ప్రభుత్వం సమర్పిస్తోంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తీసుకెళతారు. మైసూరు దసరాలో ఒకప్పుడు మహారాజు ఊరేగిన బంగారు అంబారీపై ఇప్పుడు చాముండేశ్వరి దేవి కొలువుతీరుతుంది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణాలను రద్దు చేసింది. వేడుకలను రద్దు చేయలేదు. వాటిని ఆస్వాదించే జనం రాజ్యం తిరిగి రావాలని కోరడం లేదు.

పునరుద్ధరించేది ఏ రాచరికాన్ని?

రాచరికంపై నేపాలీల జ్ఞాపకాలు కూడా ఏకరూపంలో లేవు. 2001 జూన్ 1న ప్రాసాదంలో జరిగిన కాల్పుల్లో రాజు బీరేంద్ర, రాణి ఐశ్వర్య సహా కుటుంబ సభ్యులు మరణించారు. తర్వాత సింహాసనమెక్కిన జ్ఞానేంద్ర 2005 ఫిబ్రవరి 1న పాలనాధికారాలను నేరుగా చేపట్టారు. 2006 ఏప్రిల్‌లో 19 రోజుల ప్రజా ఉద్యమం ఆయనను వెనక్కి తగ్గించింది. రాచరికం బలహీనపడింది పార్టీల కుట్ర వల్లే అనే వాదన ఈ క్రమాన్ని విస్మరిస్తోంది. 2025 మార్చి 28న తీన్‌కునేలో జరిగిన రాచరికవాదుల ప్రదర్శన హింసాత్మకమై ఇద్దరు మరణించినప్పుడు, నష్టపరిహారంగా 7,93,000 నేపాలీ రూపాయలు చెల్లించాలని కాఠ్‌మాండూ నగరపాలక సంస్థ జ్ఞానేంద్రకు లేఖ పంపింది. ఒకప్పటి రాజును సాధారణ పౌరుడిలా నిలదీసే స్థితికి ఆ దేశం చేరుకుంది.

గణతంత్రం ఇచ్చినదాన్ని కూడా తక్కువ చేయలేం. తొలి రాష్ట్రపతి రామ్ బరణ్ యాదవ్ మధేశ్ ప్రాంతానికి చెందిన వైద్యుడు. ఆయన తర్వాత విద్యాదేవి భండారీ ఆ పదవి చేపట్టారు. వంశానుగత వ్యవస్థలో మధేశీకి దేశాధినేత స్థానం ఊహకందనిది. హిందూ రాజ్యం, రాచరికం రెండూ కలిపి తిరిగి రావాలన్న డిమాండ్ జనజాతులను, దళితులను, మధేశీలను కలవరపెట్టేది ఇందుకే.

అసలు ముప్పు ఎక్కడ?

రాచరికవాదుల ఒక వాదనలో మాత్రం బలముంది. రాజు ఉండాలా వద్దా అని ప్రజలను నేరుగా ఎన్నడూ అడగలేదు. 1980లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ పంచాయతీ వ్యవస్థ గురించే గాని రాచరికం గురించి కాదు. 2008 నిర్ణయం ఎన్నికైన సభదే అయినా, ప్రజల ప్రత్యక్ష ఓటు కాదు. అదే ఏడాది పార్లమెంటరీ వ్యవస్థలోకి అడుగుపెట్టిన భూటాన్ ఈ ప్రశ్నను రాజ్యాంగంలోనే పరిష్కరించుకుంది. అక్కడి రాజు 65 ఏళ్లకు పదవీ విరమణ చేయాలి. నేపాల్‌లో కాలం గడిచేకొద్దీ ఈ ప్రశ్న దానంతటదే మాసిపోయేది. దాన్ని సజీవంగా ఉంచింది పార్టీలే. 2008 నుంచి ఏ ప్రధానీ ఐదేళ్ల పూర్తి పదవీకాలం కొనసాగలేదు. కొద్దిమంది నేతల మధ్యే పదవి తిరిగింది. స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు నాలుగో వంతుకు సమానమైన సొమ్ము విదేశాల్లో పనిచేసే నేపాలీలు పంపుతున్నదే. కొడుకు గల్ఫ్‌లో, మలేసియాలో ఉన్న ఇంట్లో గణతంత్రం విలువను ఉపాధితోనే తూస్తారు.

కాబట్టి విమానాశ్రయం వద్ద వినిపించిన నినాదాన్ని రాజుకు పడిన ఓటుగా కాక, పార్టీలకు అందిన తాఖీదుగా చదవడం సబబు. ఉత్సవాలను గణతంత్రం ఇప్పటికే తనలో కలుపుకుంది. కలుపుకోవలసి ఉన్నది ఆ ఉత్సవాలకు దూరంగా, విదేశీ శిబిరాల్లో పండుగలు గడుపుతున్న తరాన్ని. అది జరగనంత కాలం, పార్టీలపై పుట్టే ప్రతి ఆగ్రహాన్నీ ఎవరో ఒకరు కిరీటం ఖాతాలో జమ చేస్తూనే ఉంటారు.