జీతమిస్తే సేవ చెడిపోదు

ఈ వారం ఒక ప్రకటన చూశాను. యువత కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు ఫీల్డులో తిరగడానికి మనుషులు కావాలట. డిగ్రీ ఉండాలి. తెలుగు, ఇంగ్లిషు రాయగలగాలి, కంప్యూటర్ రావాలి. సొంత బండి, స్మార్ట్‌ఫోను తప్పనిసరి. సాయంత్రాలు, ఆదివారాలు కూడా పనికి సిద్ధంగా ఉండాలి. ఒక్కొక్కరు పదిహేను బస్తీలు చూసుకోవాలి. నెలకు 8,000 రూపాయల గౌరవ వేతనం, పెట్రోలు ఖర్చు అందులోనే. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాల్లో, సేవాభావం ఉన్నవాళ్లు మాత్రమే దరఖాస్తు చేయాలని.

ఆ ఆఖరి ముక్క చదివినప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. పదిహేను బస్తీల పిల్లల బతుకులు ఒక మనిషి చేతిలో పెడుతున్నాం. ఆ మనిషి ఇంటద్దె ఎలా కడుతుంది, పిల్లల ఫీజు ఎక్కడి నుంచి తెస్తుంది అన్నది మాత్రం మనకు పట్టదు. పైగా, అలా అడిగే మనిషి పనికిరాదని ముందే చెప్పేస్తున్నాం.

ఇది ఏం పనో దూరం నుంచి చూసేవాళ్లకు తెలియదు. టీషర్టులు వేసుకుని ర్యాలీ తీయడం, బ్యానర్ పట్టుకుని నిలబడడం అనుకుంటారు. అసలు పని ఫొటోలో పడదు. పది తప్పి సెంట్రింగ్ పనికి పోతున్న పిల్లాడి చేత సప్లిమెంటరీ ఫీజు కట్టించడం ఒక్కరోజులో అయ్యేది కాదు. మొదట్లో వాడు కనిపించగానే సందు మారిపోతాడు. కొన్నాళ్లకు టీ కొట్టు దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడతాడు. ఇంకొన్నాళ్లకు ఇంటికి తీసుకెళ్తాడు. అప్పుడు తెలుస్తుంది, తండ్రి మంచాన పడ్డాడని, ఇల్లు వీడి కూలి మీదే నడుస్తోందని. ఇక అక్కడి నుంచి పని రెండింతలు. తండ్రికి పింఛను కాగితాలు పెట్టించాలి, మీసేవ చుట్టూ తిరగాలి, బడికి పోయి హెడ్మాస్టరును బతిమాలాలి, మేస్త్రీతో మాట్లాడి పరీక్షల రోజుల్లో వాడికి సెలవిప్పించాలి. ఇంత చేశాక వాడు పరీక్ష రాస్తే, నెలాఖరు రిపోర్టులో అది ఒక అంకె.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్లకు సంబంధం కుదిరిందని కబురొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయడానికి ఒక్క నిమిషం చాలు. అధికారులు వస్తారు, పెళ్లి ఆపుతారు, వెళ్లిపోతారు. ఆ వీధిలో మర్నాడు మళ్లీ నడవాల్సింది ఫీల్డు వర్కరే. ఆ తండ్రి కళ్లలో పడాలి, మేనమామ తిట్లు తినాలి, ఆ పిల్లను కాలేజీ మాన్పించకుండా చూడాలి. ఆ పిల్ల చదువు ముగించి తన కాళ్ల మీద నిలబడితే, చట్టం అమలైందని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఆ చట్టాన్ని నిలబెట్టింది మాత్రం తిట్లు తిన్న ఆవిడ.

ఇంటర్ ఫలితాల రోజు గురించి వేరే చెప్పాలి. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అది ఎవరం మరిచిపోకూడదు. ఇప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోను చేస్తే మాట్లాడేవాళ్లు ఉన్నారు. మంచి ఏర్పాటే. కానీ తప్పిన పిల్లాడు తలుపేసుకున్నప్పుడు తలుపు తట్టగలిగేది ఆ వీధి ఎరిగిన మనిషి. ఏ ఇంట్లో ఎవరు తప్పే అవకాశం ఉందో, ఎవరి తండ్రి చేయి చేసుకుంటాడో వాళ్లకు ముందే తెలుసు. ఆ రోజు వాళ్లు పొద్దున్నే బయలుదేరతారు.

గంజాయి మాటా అంతే. 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టింది. పోలీసులు రవాణాను పట్టుకుంటారు, పట్టుకోవాలి. అయితే ఖాళీ ప్లాటులో కూర్చునే నలుగురు కుర్రాళ్లలో ఒకణ్ణి పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టుకునే మనిషి పోలీసు కాలేడు. వాడు అన్నా అనో అక్కా అనో పిలిచే మనిషి కావాలి. అలాంటి మనిషి ఏడాదికొకరు మారిపోతుంటే ఏ పిల్లాడూ నోరు విప్పడు.

మారిపోకుండా ఎలా ఉంటారు? లెక్క చూద్దాం. ఉపాధి హామీ కింద 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 300 రూపాయలు. నెలకు 26 రోజులు వేసుకుంటే 7,800. డిగ్రీ చదివి, సొంత బండి మీద తిరిగే మనిషికి పెట్రోలుతో కలిపి 8,000 అంటే, బండిలో ఆయిల్ పోయించేసరికి ఆ కూలి కన్నా తక్కువే మిగులుతుంది. ఈ ధర కట్టింది స్వచ్ఛంద సంస్థలు మాత్రమే కాదు. ముందు ప్రభుత్వాలే కట్టాయి. నెహ్రూ యువ కేంద్రాల్లో జాతీయ యువ వలంటీరుకు ఇచ్చింది నెలకు 5,000, అదీ రెండేళ్లకు మించి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 50 ఇళ్లకొకరు చొప్పున నియమించిన గ్రామ, వార్డు వలంటీర్లకూ అదే 5,000 ఇచ్చారు. ఏ పార్టీ ఉన్నా, ఎవరు పోయినా, చదువుకున్న పిల్లల శ్రమకు రేటు అక్కడే ఆగింది.

అంగన్‌వాడీల అనుభవం మన కళ్లెదుటే ఉంది. వాళ్లకిచ్చేది జీతం కాదు కాబట్టి వాళ్లు ఉద్యోగులు కారన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్లో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ వర్తిస్తుందని తేల్చింది. ఆ తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. వాళ్లకు కనీసం సంఘం ఉంది, జెండా ఉంది. బస్తీలో పిల్లల వెంట తిరిగే ఫీల్డు వర్కరుకు అదీ లేదు. ఆరుగురో పదిమందో ఉన్న చిన్న సంస్థలో ఎవరి మీద సమ్మె చేస్తుంది? నడిపే పెద్దాయనకే రెండు నెలలుగా డబ్బు రాలేదని ఆవిడకు తెలుసు.

అందుకే నా ఫిర్యాదు చిన్న సంస్థల మీద కాదు, డబ్బిచ్చేవాళ్ల మీద. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అందులో నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదని నిబంధన. నిజానికి ఆ పరిమితి కంపెనీ తన కార్యాలయంలో పెట్టుకునే ఖర్చుకు. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిబంధనల్లోనే ఉంది. అయినా సంస్థ పంపిన బడ్జెట్‌లో జీతాల వరుస రాగానే ఎర్ర పెన్ను పడుతుందని ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. ట్యాబులకు డబ్బుంది, బ్యాగులకు ఉంది, కంపెనీ పేరున్న బోర్డుకు తప్పకుండా ఉంది. ఆ ట్యాబు పిల్లాడి చేతిలో పెట్టి పక్కన కూర్చునే మనిషికి మాత్రం లేదు. యువతతో చేసే పనిలో మనిషే పని. మనిషి జీతాన్ని పైఖర్చు కింద రాయడం వైద్యుడి జీతాన్ని ఆసుపత్రి పైఖర్చు కింద రాయడం లాంటిది.

విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఇంకో దెబ్బ. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. అది ఒక ఎత్తు. ఒక సంస్థ తనకొచ్చిన విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు, అది అసలైన ఎత్తు. హైదరాబాదులో ఉన్న పెద్ద సంస్థకు నిధులు తెచ్చుకోవడం తెలుసు, మండలంలో ఉన్న చిన్న సంస్థకు పిల్లలు తెలుసు. ఈ రెండింటి మధ్య దారి మూసేశారు. దుర్వినియోగం చేసేవాళ్లు లేరని నేను అనను. వాళ్లను పట్టుకోవడానికి ఆడిట్ ఉంది, కేసులున్నాయి. ఊరి సంస్థ గొంతు నొక్కడం దానికి మందు కాదు.

మనకు ఈ పని కొత్త కూడా కాదు. అమెరికాలో అణుభౌతిక శాస్త్రం చదివి తిరిగొచ్చి అప్పటి విశాఖ జిల్లా దిమిలిలో హైస్కూలు పెట్టించిన బి.వి. పరమేశ్వరరావు గారు 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు స్థాపించారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికురాలే అనే సూత్రం పట్టుకుని పని మొదలుపెట్టింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. తర్వాత ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ గౌరవాలకు ఆమె పూర్తిగా తగినవారు. అయితే దొర పొలంలో, పత్తి విత్తనాల చేలలో ఉన్న పిల్లల కోసం రాత్రిళ్లు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పించింది ఆ ఊళ్ల యువతీ యువకులే. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు. వాళ్ల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. స్థాపకుల జీవిత చరిత్రలు రాస్తాం, శతజయంతులు చేస్తాం, ఇరవై ఏళ్లు ఫీల్డులో తిరిగి మోకాళ్లు అరిగినవాళ్లకు పీఎఫ్ ఉందో లేదో అడగం.

ఫీల్డు వర్కరు మాట ఎత్తాక గ్రంథాలయాల గురించి చెప్పకుండా ఉండలేను. ఫీల్డు వర్కరుకు పిల్లల్ని కూర్చోబెట్టుకునే చోటు లేదు. గుడి అరుగు మీద పెడితే ఒకళ్లు రారు, చర్చి ఆవరణలో పెడితే ఇంకొకళ్లు రారు. కమ్యూనిటీ హాలు తాళం నాయకుడి దగ్గర ఉంటుంది. అమ్మాయిలూ అబ్బాయిలూ ఎవరి అనుమతీ లేకుండా వచ్చి కూర్చోగల చోటు ఊళ్లో ఒక్కటే ఉండాలి, అది గ్రంథాలయం. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీరూ నేనూ కడుతూనే ఉన్నాం. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేస్తున్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడం దగ్గరికొచ్చేసరికి బకాయిలే బకాయిలు. ఖాళీ అయిన గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగానే ఉంటాయి, ఒకే మనిషి రెండు మూడు శాఖల తాళాలు పట్టుకుని తిరుగుతుంటాడు.

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంట ఉన్న ఊళ్లకు పంపారు. వాళ్ల చేతిలో పన్నూ లేదు, చట్టమూ లేదు. ఇవాళ రెండూ ఉన్నాయి. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలతో నిండిపోయి ఉంటుంది. కుర్చీ కోసం పొద్దున్నే వస్తారు. యువతకు చదువు మీద ఆసక్తి లేదని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఆ మెట్ల మీద ఒక గంట నిలబడాలి. ప్రతి మండలంలో రాత్రి తొమ్మిది దాకా దీపం వెలిగే గ్రంథాలయం, అందులో ఒక గ్రంథపాలకుడు, ఒక యువజన కార్యకర్త ఉంటే చాలు. ఇద్దరికీ జీతాలు ఆ సెస్సు బకాయిల్లోంచే ఇవ్వాలి. ఇది నా కోరిక కాదు, మన డబ్బు.

మళ్లీ ఆ జీతం దగ్గరికే వస్తాను. యువతకు కెరీర్ గైడెన్స్ తరగతులు చెప్పే ఒకావిడ నాతో అన్న మాట ఇది: "ఏ కోర్సు చదివితే ఎంత జీతం వస్తుందో బోర్డు మీద రాసి చెబుతానండీ. మొన్న క్లాసయ్యాక ఒక పిల్ల వచ్చి, అక్కా, నీకెంతిస్తారు అనడిగింది. నాకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెబితే ఇంత చదివి ఏం లాభమనుకుంటుందేమోనని భయం. మాట మార్చేశాను." ఆవిడ ఎమ్మెస్‌డబ్ల్యూ చదివింది. ఏటా మార్చి వస్తుందంటే, ప్రాజెక్టు పొడిగిస్తారో లేదో తెలియక నిద్రపట్టదట. ఎనిమిదో తరగతిలో చేయి పట్టుకున్న పిల్ల ఉద్యోగంలో చేరేదాకా వెంట ఉండాలంటే పదేళ్లు కావాలి. ఫండర్లు ఇచ్చేది ఏడాది, మహా అయితే మూడేళ్లు. ఆ తర్వాత ఇంకో ప్రాజెక్టు, ఇంకో బస్తీ, ఇంకో రంగు టీషర్టు. వెనక వదిలేసిన పిల్లలు మాత్రం అదే సందులో ఉంటారు.

సేవాభావం లేనివాళ్లు ఈ పనిలో ఒక్క నెల కూడా ఉండలేరు, కాబట్టి దాని గురించి ఎవరూ వాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్లకు కావలసింది నెల మొదట్లో వచ్చే జీతం, బండికి పెట్రోలు, జబ్బు చేస్తే బీమా, ప్రసవానికి సెలవు, మార్చి తర్వాత ఏప్రిల్లో కూడా ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం.

మీలో చాలామంది పుట్టినరోజుకో, పోయిన పెద్దల పేరుమీదో ఏదో ఒక సంస్థకు డబ్బిస్తుంటారు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు సొంత ఊరికి పంపుతుంటారు. ఈసారి గదికి పేరు పెట్టమని అడగకండి, బీరువా మీద పేరు రాయించకండి. చెక్కుతోపాటు ఒక చీటీ పెట్టండి, ఇది మీ దగ్గర ఫీల్డులో తిరిగేవాళ్ల జీతానికి వాడండి అని. ఇరవై మందికి పైగా పనిచేసే సంస్థ అయితే పీఎఫ్ కడుతున్నారా అని అడగండి. మీ డబ్బులో సగానికి పైగా జీతాలకే పోయిందని వాళ్లు లెక్క పంపితే, మరుసటి సంవత్సరం కూడా వాళ్లకే ఇవ్వండి.