ఉప్పునేలలో వరి కణం పడే శ్రమ: విస్తరణ సలహాలో దానికి దక్కని చోటు

వంశధార కళింగపట్నం వద్ద, నాగావళి కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తాయి. ఆ రెండు మొగల నడుమనున్న శ్రీకూర్మం ప్రాంతపు పల్లపు భూములలో ఖరీఫ్ వరికి వాన, కాలువ నీరే ఆధారం. ఊడ్పుల వేళ వాన ముఖం చాటేసినా, తుఫానుకు ఉప్పునీరు పొలంలోకి ఎగదన్నినా ముందుగా కనబడే లక్షణం ఒకటే: ఆకులు చుట్టుకొని కొనలు ఎండుతాయి. రైతు దానిని నీటి ఎద్దడి అనుకుంటాడు. అది సగం నిజం. మిగిలిన సగాన్ని విస్తరణ సలహా ఇంకా తగినంతగా పట్టించుకోవడం లేదు.

జంతుకణానికి గోడ లేదు. సోడియాన్ని ఎప్పటికప్పుడు వెలుపలికి తోడకపోతే నీరు చొరబడి కణం ఉబ్బి పగులుతుంది. మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోనికి తెచ్చే ఈ పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూ 1957లో వెల్లడించారు. 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందారు. వరి కణంలో ఆ పంపు లేదు. గట్టి కణకవచం ఉన్నందున దానికి పగిలే భయం లేదు, కుంగిపోయే భయమే ఉంది. అది ప్రోటాన్లను వెలుపలికి నెట్టి, ఆ ప్రవణతతో పొటాషియాన్ని లోనికి రాబట్టి, దాని వెంట నీటిని రప్పించుకొని తన పరిమాణాన్ని నిలుపుకుంటుంది.

మట్టి ద్రావణపు ఇ.సి. మీటరుకు 4 డెసిసైమన్లు ఉంటే అది సుమారు 40 మిల్లీమోలార్ ఉప్పుకు, దాదాపు 2 వాతావరణాల ద్రవాభిసరణ పీడనానికి సమానం. ఉప్పు తాకిన నిమిషాలలోనే కణం కుంచించుకుపోయి, కొన్ని గంటలలో చాలావరకు తేరుకుంటుంది. అసలు ప్రమాదం ఆ తరువాతిది. రోజులు గడిచేకొద్దీ సోడియం ముదురాకులలో పేరుకొని, పొటాషియం స్థానాన్ని ఆక్రమించి ఎంజైముల పనిని చెడగొడుతుంది. మొదటిది నీటి సమస్య, రెండవది విషం. రెండింటికీ ఒకే మందు చెప్పడం తగదు.

సోడియాన్ని రిక్తికలో దాచుకోవడం కణానికి చౌక: ఒక్కో అయానుకు సుమారు 3.5 ఏటీపీలు. కానీ అప్పుడు కణద్రవ్యం సమతూకానికి ప్రోలిన్ వంటివి కావాలి. ఒక్క ప్రోలిన్ అణువు తయారీకి సుమారు 41 ఏటీపీలు ఖర్చవుతాయి. గింజకు చేరవలసిన శక్తిలో కొంత ఇలా కరిగిపోతుంది. ‘తట్టుకొనే రకం’ అన్న మాట ఈ ఖర్చును దాచిపెడుతుంది. ఈ తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు మిగులు ఉప్పును కంటి దగ్గరి గ్రంథి ద్వారా కన్నీరుగా విసర్జిస్తుంది. కూర్మనాథుని ఊరి వరికి ఆ సౌకర్యం లేదు. దానికున్న మేలైన ఉపాయం సోడియాన్ని ఆకుదాకా రానివ్వకపోవడమే. నోనా బొక్రా రకంలో దారువు రసం నుండి సోడియాన్ని వెనక్కు తీసుకొనే జన్యువును 2005లో గుర్తించారు.

ఇక సలహాల సంగతి. ‘చౌడు’ అనగానే జిప్సం చెప్పే అలవాటు పోవాలి. జిప్సం కారుచౌడుకు మందు. పాలచౌడుకు కావలసినది మంచినీటితో కడగడం, కడిగిన నీరు పోయే మురుగు కాలువ. ఉదజని సూచిక, మార్పిడి సోడియం శాతం చూడకుండా బస్తాలు మోయించడం రైతు సొమ్మును మట్టిపాలు చేయడమే. సముద్రపు నీరు నిలిచిన బంకమట్టి కడిగిన తరువాత కారుచౌడుగా మారవచ్చు కనుక ఆ పరీక్ష రెండుసార్లు అవసరం. లేతనారు, చిరుపొట్ట దశలలో వరి ఉప్పుకు మెత్తబడుతుంది. పిలకల దశలో కొంత ఓర్చుకుంటుంది. అందుచేత ఇలాంటి మళ్లలో ముదురునారు వేయించి, కుదురుకు మొక్కల సంఖ్య పెంచడం సబబు. ఉన్న కొద్దిపాటి మంచినీటిని అన్ని వారాలకూ సమంగా పంచడం కన్నా ఆ రెండు దశలకు దాచడం మేలు.

రకాల ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితోపాటు ఆకులోని పొటాషియం–సోడియం నిష్పత్తిని కూడా నమోదు చేయాలి. నైరా వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది ఒక ఖరీఫ్‌లో చేయగల పని. ఫ్లేమ్ ఫోటోమీటరు చాలు. అయితే లేత ఆకును, ముదురాకును కలిపి నూరరాదు. ఉప్పును ముదురాకులలో నిలిపివేసి లేత ఆకును కాపాడుకొన్న రకం ఏదో, కాపాడుకోలేనిది ఏదో ఆ కలగలుపు నమూనాలో తెలియకుండా పోతుంది.