పాలమూరు పాటకు రెండో గొంతు

జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1956లో కోల్ పోర్టర్ పాటలతో ఒక ఆల్బమ్ చేసింది. మాటా ఆయనదే, బాణీ ఆయనదే. అట్ట మీద ఆయన పేరూ ఉంది. అప్పటినుంచి 1964 దాకా డ్యూక్ ఎల్లింగ్టన్, గెర్ష్విన్ అన్నదమ్ములు, హెరాల్డ్ ఆర్లెన్ అంటూ ఒక్కొక్కరి పాటలే తీసుకుని వరసగా పాడుతూ పోయింది. వాటిలో చాలావరకు నాటకాలకో, సినిమాలకో రాసినవి. ఆ నాటకాలు ఎన్నో ఇవాళ ఎవరికీ గుర్తులేవు. పాటలు మాత్రం బతికే ఉన్నాయి, తర్వాతివాళ్లు పాడుకున్నారు గనుక. ఎల్లా పాడితేగాని మా పాటలు ఇంత బాగుంటాయని తెలియలేదని ఐరా గెర్ష్విన్ అన్నాడట.

అలంపూర్‌లో ఆమెను వింటున్నప్పుడల్లా నాకు గోరటి వెంకన్న మనసులో మెదులుతారు. ఆయనది మా ఉమ్మడి పాలమూరే, తెలకపల్లి మండలం గౌరారం. ఆయనా పోర్టర్‌లాగే మాటా బాణీ తానే కట్టుకుంటారు. పాడతారు, ఆడతారు కూడా. వేదిక మీద ఆయన్ను చూశాక ఇంకొకరికి ఆ పాట ముట్టుకోవాలంటే జంకు. కానీ పల్లె కన్నీటి మీద ఆయన రాసిన పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతుతోనే కదా ఊరూరికీ చేరింది!

ఎల్లాలాగా వెంకన్న పాటలు పాడడానికి నాకు కావలసింది ఒక ఆడగొంతు. వలసపోయిన ఇంట్లో పెరిగిన పిల్లయితే మరీ మంచిది. పది పన్నెండు పాటలు, తొందర లేకుండా. కీబోర్డు మోత వద్దు. దర్శనం మొగులయ్య చేతిలో లోకం చూసిన పన్నెండు మెట్ల కిన్నెర చాలు. డప్పు హోరులో జారిపోయిన చరణాలు అప్పుడు చెవికి ఆనతాయి. ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల్లో కవి పేరే ఉండదు. బతికున్న కవి పాటకు ‘జానపదం’ అని చీటీ అంటిస్తారు. ఇది అన్యాయం.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు మా ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. ఆయన పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం పాటకూ అలాంటి పని చెయ్యాలి. మొదట వెంకన్న, ఆ తర్వాత సుద్దాల హనుమంతు, గూడ అంజయ్య, అందెశ్రీ. కవి పేరు పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. పాడిన పిల్లకూ, కిన్నెర పట్టినవాళ్లకూ సొమ్ము రికార్డింగు నాడే చేతిలో పెట్టాలి.