డబ్బు మనది, స్టీరింగ్ వాళ్లది

కార్ల కంపెనీ మునిగిపోతుంటే ప్రభుత్వం ఆదుకోవాలా వద్దా అన్న మాట వస్తే చాలు, మా ఐటీ మిత్రుల దగ్గర రెండు జవాబులు రెడీగా ఉంటాయి. ఒకటి, "చచ్చేదాన్ని చావనివ్వండి, మార్కెట్ చూసుకుంటుంది." రెండోది, "2009లో అమెరికా జనరల్ మోటార్స్‌ని ఆదుకుంది, కంపెనీ బతికింది, డబ్బు కూడా చాలావరకు వెనక్కొచ్చింది, ఇంకేం కావాలి?" మొదటి జవాబు మొరటుది. రెండోది తెలివైనది, అందుకే నాకు దాంతోనే ఎక్కువ పేచీ.

మొదటివాళ్ల సంగతి త్వరగా తేలిపోతుంది. 2008 చివర్లో బ్యాంకులే కుదేలైపోయి ఉన్నాయి. అంత పెద్ద కంపెనీ దివాలా కోర్టులో ఉండగా దాన్ని నడిపించేందుకు అప్పిచ్చే ప్రైవేటు నాథుడు లేడు. వదిలేస్తే గేటుకి తాళం పడుతుంది, అంతే. పైగా కార్ల కంపెనీ ఒంటరిగా చావదు. సీట్లు, బేరింగులు, వైరింగ్ చేసే చిన్న కంపెనీలు దాంతోపాటే పోతాయి. ఆ చిన్న కంపెనీలే పోటీదారులకూ సరుకిస్తాయి. అందుకే ఆ అత్యవసర అప్పు తీసుకోని ఫోర్డ్ కూడా అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి, నా ప్రత్యర్థుల్ని కాపాడండని చెప్పింది. మార్కెట్ భక్తులు ఈ ముక్క ఎత్తరు.

కాబట్టి ఆదుకోవడం తప్పని నేననను. ఎలా ఆదుకున్నారన్నదే నా గొడవ.

2008 డిసెంబర్‌లో బుష్ ప్రభుత్వం జనరల్ మోటార్స్‌కీ క్రైస్లర్‌కీ కలిపి 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. ఒబామా వచ్చాక అది పెరిగి, మొత్తం వాహన పరిశ్రమ మీద పెట్టింది దాదాపు 8,000 కోట్ల డాలర్లకు చేరింది. అందులో 900 కోట్లకు పైగా తిరిగి రాలేదు. బదులుగా జనరల్ మోటార్స్‌లో దాదాపు 61 శాతం వాటా ప్రభుత్వానికి వచ్చింది. ఒక కంపెనీలో 61 శాతం ఉన్నవాణ్ణి మామూలు భాషలో యజమాని అంటారు. ఒబామా మాత్రం కంపెనీని నడపడం మీద తనకు ఆసక్తి లేదన్నాడు.

నిజంగానే చెయ్యి పెట్టలేదా? పెట్టారు. సీఈఓ వాగనర్‌ని దింపేశారు. కార్మికుల దగ్గరికొచ్చేసరికి మరీ గట్టిగా పెట్టారు. ధరలతోపాటు జీతం పెరిగే ఏర్పాటు ఆగిపోయింది. కొత్తగా చేరేవాళ్లు పాతవాళ్ల పక్కనే నిలబడి అదే పని చేస్తూ దాదాపు సగం కూలీ తీసుకునే పద్ధతి ఇంకా పాతుకుపోయింది. 2015 దాకా సమ్మె చేయబోమని యూనియన్ మాటివ్వాల్సి వచ్చింది. ఆ ధరల భత్యం తిరిగి రావడానికి 2023 సమ్మె దాకా ఆగాల్సొచ్చింది. కార్మికుడి జేబు దగ్గర యజమానిలా ప్రవర్తించిన ప్రభుత్వం, మిగతా అన్నిచోట్లా అతిథిలా కూర్చుంది.

ఇంజినీర్‌గా నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం. షెవ్రొలే కోబాల్ట్ లాంటి కార్లలో తాళంచెవి స్విచ్‌కి పట్టు సరిపోక, బండి నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోయేది. దాంతోపాటే పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. లోపలివాళ్లకి ఏళ్ల తరబడి తెలుసు. 2006లో ఆ భాగం డిజైన్ మార్చడానికి ఆమోదం ఇచ్చి, పార్ట్ నంబర్ మాత్రం పాతదే ఉంచేశారు. వెర్షన్ మార్చకుండా కోడ్ మార్చి ప్రొడక్షన్‌లోకి తోసేయడం ఎంత పాపమో మనకి తెలుసు. ఇక్కడ పోయింది సర్వర్ కాదు, మనుషులు. తర్వాత ఏర్పడ్డ పరిహార నిధి 124 మరణాలను ఈ లోపం ఖాతాలో వేసింది.

బాధితులు కోర్టుకెళ్తే కంపెనీ ఏమందో చూడండి. అవి పాత కంపెనీ పాపాలు, 2009 దివాలాలో మేం ఆస్తులు మాత్రమే కొనుక్కున్నాం, మాకు సంబంధం లేదు! ప్రభుత్వం దగ్గరుండి జరిపించిన ఆ అమ్మకాన్నే డాలుగా అడ్డం పెట్టుకుంది. ఇది చెల్లదని అప్పీలు కోర్టు చెప్పడానికి 2016 వచ్చింది. ప్రభుత్వం అప్పటికే 2013 డిసెంబర్‌లో చివరి షేర్లు అమ్మేసి చేతులు దులుపుకుంది. రీకాల్ మొదలైంది రెండు నెలల తర్వాత.

ఆపైన ఏరు దాటాక తెప్ప తగలేసిన కథే. 1966 నుంచి నడిచిన ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి ఆపేశారు. 2023లో 1,000 కోట్ల డాలర్లతో సొంత షేర్లే కొంటామని ప్రకటించారు. ఆ మొత్తం కార్యక్రమంలో ప్రజలు పోగొట్టుకున్నదాని కంటే అది ఎక్కువ.

"ప్రభుత్వానికి కార్లు చేయడం వచ్చా? బ్రిటిష్ లేలాండ్‌ని చూడు" అంటారు. చూద్దాం. 1975లో జాతీయం చేశారు, డబ్బు పోశారు, 1988లో అమ్మేశారు. చేతులు మారి మారి, మిగిలిన ముక్క 2000లో పది పౌన్లకు నలుగురు వ్యాపారుల చేతికొచ్చింది. 2005లో కుప్పకూలి దాదాపు ఆరువేల ఉద్యోగాలు పోయాయి. ఆ నలుగురూ, వాళ్ల చీఫ్ ఎగ్జిక్యూటివూ కలిసి ఈలోగా జీతాలు, పెన్షన్ల రూపంలో 4 కోట్ల పౌన్లకు పైగా పట్టుకెళ్లారు. చివరి అంకంలో నడిపింది ప్రైవేటువాళ్లే మరి.

ఇంకో సంగతి. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర మీ పక్కన ఎంజీ కారు ఆగితే కాస్త పరకాయించి చూడండి. ఆ పేరు బ్రిటిష్ లేలాండ్ శిథిలాల్లోంచి వచ్చింది. అది తయారయ్యే గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీ, జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు మానుకున్న 2017లో చేతులు మారింది. రెండింటినీ దక్కించుకున్న శాయిక్ ఎవరిది? షాంఘై నగర ప్రభుత్వానిది. చైనా దారి పట్టమని నా ఉద్దేశం కాదు. ప్రభుత్వాలకి చేతకాదన్న సామెతని ఇక కట్టిపెట్టమంటున్నానంతే.

మనకీ ఒక పాఠం ఉంది. సంజయ్ గాంధీ మారుతి చతికిలపడ్డాక, ప్రభుత్వం పాత యజమానులకి అప్పిచ్చి కూర్చోలేదు. కంపెనీని స్వాధీనం చేసుకుని 1981లో మారుతి ఉద్యోగ్ పెట్టింది. సుజుకిని మైనారిటీ భాగస్వామిగా తెచ్చుకుంది, విడిభాగాలు ఇక్కడే తయారవ్వాలని పట్టుబట్టింది. 1983 డిసెంబర్‌లో కారు రోడ్డెక్కింది. తర్వాత మానేసర్‌లో కార్మికులతో జరిగింది తలుచుకుంటే అదీ మచ్చలేని కథ కాదు. కానీ డబ్బు పెట్టినవాడు దారి కూడా చెప్పాడు.

రేపు విద్యుత్ కార్ల పోటీలో ఇంకో పాత కంపెనీ చేయి చాచుతుంది, ఖాయం. ఇవ్వండి. ఇచ్చేముందు కాగితం మీద నాలుగు ముక్కలు రాయించుకోండి. బోర్డులో ప్రజల కుర్చీ ఖాళీగా ఉండకూడదు. జీతాల కోత పైనుంచి మొదలవ్వాలి. పాత కార్లు చంపిన మనుషుల బాధ్యత కొత్త కంపెనీ మోయాలి. ప్రజలు పోగొట్టుకున్నది పూడ్చేదాకా షేర్ల కొనుగోళ్లు బంద్. ఒప్పుకోకపోతే ఆ డబ్బు నేరుగా కార్మికుల ఖాతాల్లో వెయ్యండి, కంపెనీని కోర్టుకి వదిలెయ్యండి.